జవాబు లేని చీటీ

నాకు నోటి దురుసు ఎక్కువని మా కార్ఖానాలో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. ఇరవై రెండేళ్ళుగా కళ్ళజోడు అద్దాల అంచులు అరగదీస్తున్నాను. ఊళ్ళోవాళ్ళ చూపు బాగుచేసే పనిలో ఉన్నదానికి పక్కవాళ్ళ లోపాలు కనపడకుండా ఎలా ఉంటాయి? కనపడ్డాక అనకుండా ఎలా ఉంటాను? అందుకని పది గంటల టీ వేళకి నా బల్ల దగ్గరికి ఎవరూ రారు. నేనూ వాళ్ళ దగ్గరికి పోను.

యాభై ఒకటి నిండాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి విసిగిపోయి మానేశారు. ఒక చెల్లెలు ఉంది, దాని సంసారం దానిది. నాకున్నది ఒక్క గది. తాళం తీసి లోపలికి వెళితే పొద్దున ఏ గ్లాసు ఎక్కడ పెట్టానో అక్కడే ఉంటుంది. దాన్ని చూసి బాధపడే రోజు వస్తుందని ఎవరైనా ఒకప్పుడు చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

మా పని ఇలా ఉంటుంది. ఒక్కో కళ్ళజోడుకి ఒక్కో ట్రే. అందులో ఫ్రేము, రెండు గుండ్రటి అద్దాలు, పవరు రాసిన చీటీ. నీళ్ళు పడుతూ తిరిగే చక్రం మీద అద్దం అంచుని రుద్ది, ఆ ఫ్రేములో కుదిరేలా చెయ్యాలి. పొద్దున ఆరు నుంచి ఒంటిగంటన్నర దాకా ఆ బల్ల నాది. రెండు నుంచి రాత్రి పది దాకా రెండో షిఫ్టులో ఇంకొకరిది. మధ్యలో ఆ అరగంట నేల తుడిచి చక్రం కింద నీళ్ళు మార్చేవాళ్ళది. అందువల్ల ఒకే బల్ల మీద ఒకే చక్రంతో బతికే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండానే ఏళ్ళు గడిపేయవచ్చు. ఆ రెండో మనిషి గురించి నాకు తెలిసింది రెండే ముక్కలు. కొత్తగా చేరిన మగమనిషి అని సూపర్‌వైజరు అన్నాడు. పొడగరి అని బల్ల దగ్గరి స్టూలు చెప్పింది. రోజూ పొద్దున దాన్ని నాలుగు చుట్లు తిప్పి కిందికి దించుకుంటేగాని నా కాళ్ళు నేలకి ఆనేవి కావు.

పొడుపు కథల పిచ్చి నాకు మా నాన్న నుంచి వచ్చింది. ఆడడానికి తోడు లేని పిచ్చి అది. ఒకరోజు చక్రంలో నీళ్ళు అయిపోయి ఖాళీగా కూర్చున్నప్పుడు పాడైపోయిన చీటీ వెనక ఊరికే రాశాను: “నోరు లేదు గాని ఇంటి గుట్టంతా చెబుతుంది. ఏమిటది?” రాసి, సొరుగులో పడేసి మరిచిపోయాను. మూడోనాడు పొద్దున సొరుగు తెరిస్తే ఆ చీటీ మీద పెన్సిలుతో, పక్కకి వాలిన అక్షరాలతో ఉంది: “చెత్తబుట్ట. మీ ఇంటిది ఏం చెబుతోంది?” దాని కింద కొత్త పొడుపు ఒకటి.

ఆ ప్రశ్నని ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే సిగ్గు. మా ఇంటి చెత్తబుట్ట ఏం చెబుతోందని నన్ను అడిగిన మొదటి ప్రాణి ఆ చీటీయే.

అలా మొదలైంది. మాట్లాడుకోకుండానే నియమాలు కూడా ఏర్పడ్డాయి. విప్పితే జవాబు రాయాలి. విప్పలేకపోతే సున్నా పెట్టాలి. సున్నా పెట్టినవాళ్ళకి అడిగినవాళ్ళు జవాబు చెప్పి తీరాలి, దాచుకోకూడదు. నేను ఈరోజు పెట్టిన చీటీకి ఎల్లుండిగాని జవాబు వచ్చేది కాదు. నిదానస్తుడు, తొందరపడి నోరు జారే రకం కాదు అనుకున్నాను. నాకు లేని గుణం కాబట్టి మరీ నచ్చింది.

పొడుపులే కాదు, లెక్కలూ వేసుకునేవాళ్ళం. ఒకసారి నేను మూడు ట్రేల చిక్కు పెట్టాను. ఒకదాంట్లో దగ్గర చూపు అద్దాలు, ఒకదాంట్లో దూరం చూపువి, ఒకదాంట్లో రెండూ కలిసి ఉన్నాయి. మూడు ట్రేల మీదా పేర్లు తప్పే. ఒక్క ట్రేలోంచి ఒక్క అద్దం తీసి చూసి మూడూ చెప్పాలి. జవాబు ఇలా వచ్చింది: “కలిసినవి అని రాసిన ట్రేలోంచే తీయాలి. అది అబద్ధమని ముందే తెలుసు కాబట్టి, అందులో ఏ రకం వస్తే ఆ ట్రే నిండా అదే. దాని నిజం బయటపడితే మిగతా రెండూ వాటంతటవే ఒప్పుకుంటాయి.” ఈ చివరి వాక్యం కోసం ఆ రోజంతా అద్దాలు రుద్దుతూ నాలో నేను నవ్వుకున్నాను. పక్క బల్ల అమ్మాయి నాకు ఒంట్లో బాగుందా అని అడిగింది.

అవతలి నుంచి వచ్చే పొడుపుల తీరు వేరు. “పొద్దున పడమటి గోడ మీద, సాయంత్రం తూర్పు గోడ మీద. చేత్తో పట్టలేను, చీపురుతో ఊడ్చలేను.” కిటికీలోంచి పడే ఎండ. “రోజూ అందరూ తొక్కుతారు, అయినా ఒక్కరినీ పైకి చేర్చకుండా వదలదు.” మెట్లు. ఇంకోటి గోడ గడియారం, ఇంకోటి పక్కింటి చప్పుడు. నేను వాటిని నిమిషంలో విప్పి తెలివికి మురిసిపోయాను. మధ్యాహ్నం రెండు నుంచి కార్ఖానాలో పనిచేసే మగమనిషికి సాయంత్రం ఎండ తూర్పు గోడ మీద ఎక్కడ పడుతుందో ఎలా తెలుసని ఒక్కసారి కూడా అనుకోలేదు. తెలివి ఎక్కువైనవాళ్ళు చేసే తప్పు ఇది.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, దాచి ఏం ప్రయోజనం? ఆ పద్నాలుగు నెలల్లో నాకు ఆ మనిషి మీద మనసు పడింది. ఈ వయసులో ఏమిటని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. గదికి వచ్చి తాళం తీసి, గ్లాసు చూసి, “ఇది చూశారా” అని మనసులోనే ఆయనతో అనేదాన్ని. దానితో సగం దిగులు తీరేది.

అప్పుడు పని తగ్గిందని రెండో షిఫ్టు ఎత్తేశారు. సోమవారం నుంచి అందరూ పొద్దునే రావాలన్నారు. ఆయనకి నా పక్క బల్ల ఇచ్చారు. మిగతావాళ్ళు చోటు ఇరుకైందని గొణుగుతుంటే నేను మాత్రం నోరు మెదపలేదు. ఆదివారం కూర్చుని బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను. మొహానికి నప్పదని ఏళ్ళ క్రితం పక్కన పడేసిన కొత్త ఫ్రేముకి అద్దాలు బిగించుకున్నాను. ఒక మంచి పొడుపు కూడా సిద్ధం చేసుకున్నాను, చీటీ లేకుండా నోటితోనే అడుగుదామని.

మనిషి నిజంగానే పొడగరి. నెమ్మదైన మొహం, పెద్ద చేతులు. నన్ను చూడగానే ఆ మొహం విప్పారింది.

“చీటీలక్క మీరేనా? మా ఆవిడ మీ చీటీ కోసం ప్రాణం పెడుతుంది అక్కా. నేను ఇంటికి వెళ్ళగానే ‘తిన్నారా’ అని అడగదు, ‘తెచ్చారా’ అంటుంది. నాకు ఈ పొడుపులంటే తలనొప్పి. మోసుకెళ్ళడం, మోసుకురావడం వరకే నా వంతు.”

ఆ తర్వాత కూడా ఆయన చాలా చెప్పాడు. రెండేళ్ళ క్రితం ఆవిడ జారిపడి తుంటి విరిగిందట. ఆపరేషను చేసినా సరిగ్గా అతకలేదట. మూడో అంతస్తులో ఇల్లు, లిఫ్టు లేదు. ఇంట్లో వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తుందిగాని మెట్లు దిగలేదు. మొదటి చీటీ ఆయన ఊరికే జేబులో వేసుకుని వెళితే ఆవిడ చూసి పెన్సిలు అడిగిందట. నేను అన్నిటికీ ఊఁ అన్నాను. చక్రం తిరుగుతున్నందుకు సంతోషించాను, ఆ చప్పుడులో నా గొంతు ఎలా ఉందో ఆయనకి తెలియలేదు.

నన్ను ఎవరూ మోసం చెయ్యలేదు. నాకు నేనే ఒక మనిషిని కట్టుకుని, నాకు నేనే కూల్చుకున్నాను. ఆ సంగతి ఎవరికీ తెలియకపోవడం ఇంకా నరకం, కనీసం ఎవరైనా నవ్వి ఉంటే వాళ్ళని తిట్టి బరువు దించుకునేదాన్ని. తిట్టడానికి ఎవరూ దొరక్క, ఆ మూడో అంతస్తు ఆవిడ మీద పడింది నా కోపం. నడవలేదుగాని నా పద్నాలుగు నెలలూ పట్టుకుపోయింది అనుకున్నాను. అంత నీచంగా ఆలోచించాను, నిజం.

ఆ మధ్యాహ్నం వెళ్ళేముందు చీటీ రాసి ఆయన చేతికే ఇచ్చాను:

“పొద్దున్నే వస్తుంది, పొద్దెక్కితే పోతుంది. తలకిందులు చేస్తేనే నడుస్తుంది. ఎంత కోసినా గాటు పడదు. రెండిళ్ళదీ, ఏ ఇంటిదీ కాదు. ఏమిటది?”

దానికి జవాబు లేదు. నాలుగు వేరువేరు పొడుపుల్లోంచి నాలుగు ముక్కలు కత్తిరించి అతికించాను. మంచుది ఒకటి, ఇసుక గడియారానిది ఒకటి, నీళ్ళది ఒకటి, రెండిళ్ళ మధ్య ఉమ్మడి గోడది ఒకటి. పొడుపులు వేసేవాళ్ళలో ఇంతకన్నా పాపం లేదు. ఎంత కష్టమైనదైనా వెయ్యవచ్చు, లేనిదాన్ని వెతకమని పంపకూడదు. మా నాన్న బతికి ఉంటే నా చేతిలో పెన్సిలు లాక్కునేవాడు.

రెండు రోజులకి జవాబు రాలేదు. మూడు రోజులకీ రాలేదు. ఆవిడ చీటీని కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చుంటోందని, ఇంట్లో సామాను ఒక్కొక్కటే తలకిందులు చెయ్యమని తనని అడుగుతోందని ఆయన నవ్వుతూ చెప్పాడు. అయిదో రోజుకి ఆ నవ్వు తగ్గింది. ఏదైనా అడిగితే రెండుసార్లు పిలిస్తేగాని పలకడం లేదట. ఎనిమిదో రోజున టీ గ్లాసు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. జవాబు తనకి చెబితే ఆవిడకి చెప్పననీ, చిన్న ఆధారం మాత్రం ఇస్తాననీ బతిమాలాడు. నియమం నియమమే, ఆవిడ సున్నా పెడితేనే చెబుతాను అన్నాను. నా మాట నాకే రాయిలా వినిపించింది. ఇన్నాళ్ళలో నేను మూడుసార్లు సున్నా పెట్టాను. ఆవిడ ఒక్కసారి కూడా పెట్టలేదు. పెట్టదనే ధైర్యంతోనే అన్నాను.

పన్నెండో రోజు, శనివారం, ఆయన చీటీ తెచ్చి నా ట్రేలో పెట్టాడు. నా నాలుగు వాక్యాల కింద గుండ్రంగా, చక్కగా ఒక సున్నా ఉంది.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని ఆ నాలుగు ముక్కలకీ సరిపోయే వస్తువు ఏదైనా ప్రపంచంలో ఉందా అని నేను వెతికాను. రెండింటికి కుదిరితే మూడోది కుదరదు, మూడింటికి కుదిరేది ఒక్కటీ తట్టలేదు. పన్నెండు రోజులు ఆవిడ ఏం పడిందో మూడు గంటల్లో తెలిసింది. ఏదో ఒక అబద్ధం రాసి పంపితే ఆవిడ నిమిషంలో పట్టేస్తుంది. జవాబు లేదని రాసి పంపుదామంటే, ఆ చీటీ ఆయన జేబులో ఆయన చూస్తుండగా వెళ్ళాలి. అది నా వల్ల కాలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయన మాటల మధ్య చెప్పిన గుర్తుల్ని బట్టి ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను.

మూడంతస్తులు ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. తలుపు తీసే ఉంది. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది, వాకరు చేతికందేంత దూరంలో ఉంది. నా వయసే ఉంటుంది, జుట్టు నాకన్నా ఎక్కువ నెరిసింది. నేను ఎవరో చెప్పకముందే కూర్చోమని ఎదుటి కుర్చీ చూపించింది. ఆయన్ని సామాను కోసం బయటికి పంపానని, గంటగాని రాడని చెప్పింది. ఒళ్ళో పాత నోటుపుస్తకం ఉంది. అందులో నేను తన పొడుపులకి జవాబు రాసి తిప్పి పంపిన చీటీలన్నీ జిగురుతో వరసగా అంటించి ఉన్నాయి, ప్రతిదాని పక్కనా తారీఖు వేసి ఉంది.

అది పాత పొడుపని, ఎక్కడో తప్పు విన్నానని చెబుదామని దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వచ్చాను. నోరు తెరిచేలోపే ఆవిడ అంది:

“మంచు, ఇసుక గడియారం, నీళ్ళు, ఉమ్మడి గోడ. మూడో రోజుకే విడదీశానండి.”

మూడో రోజుకే తెలిస్తే పన్నెండో రోజున సున్నా ఎందుకు పెట్టారని అడిగాను.

“సున్నా పెడితే మీరు జవాబు చెప్పి తీరాలి కదా. రాసి పంపలేని జవాబైతే మనిషే రావాలి. వస్తారో రారో చూద్దామనుకున్నాను.” ఆవిడ పుస్తకం మూసింది. “పద్నాలుగు నెలల్లో మీరు ఒక్క తప్పు ముక్క వెయ్యలేదు. ఒక్కసారే ఎందుకు వేశారు? అసలు పొడుపు అదే అనిపించింది. దానికే మిగతా రోజులన్నీ పట్టాయి.”

తర్వాత నెమ్మదిగా చెప్పింది. నేనూ ఆయనా కలిసిన మొదటిరోజు ఏం జరిగిందో ఆయన చేత మూడుసార్లు చెప్పించుకుందట. నేను మడత నలగని బట్టల్లో వచ్చానని, కొత్త కళ్ళజోడు పెట్టుకున్నానని, తను ‘అక్కా’ అనగానే ఎందుకో నా మొహం వాడిపోయిందని ఆయన అమాయకంగా పూసగుచ్చినట్టు చెప్పాడట. ఆయనకి ఇప్పటికీ ఏమీ అర్థం కాలేదట. ఎప్పటికీ అర్థం కాదని కూడా అంది.

“విప్పేశాను. చెప్పమంటారా?” అని అడిగింది.

“వద్దండి,” అన్నాను.

ఆవిడ పుస్తకాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. ఎండ తూర్పు గోడ మీదికి రావడానికి ఇంకా టైముంది.

“మీ మీద నాకు కోపం లేదు,” అంది. “ఆయన మంచివాడు, ఎవరికైనా నచ్చుతాడు. కాని ఆయన రాయలేదు కదండీ, నేను రాశాను. ఈ పుస్తకం నిండా ఉన్నవి మీరు నాకు రాసినవనుకున్నాను. మీ బల్ల దగ్గర నేనొక మనిషిని ఉన్నానని మీకు తెలుసనుకున్నాను. ఆయన చెప్పే ఉంటారనుకున్నాను.”

గొంతు పెంచలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. లెక్కలో ఎక్కడ తప్పు జరిగిందో చూపించినట్టు చెప్పింది. నేను పోగొట్టుకున్నదేమిటో ఆవిడా సరిగ్గా అదే పోగొట్టుకుంది. నాది నా పొరపాటు వల్ల పోయింది. ఆవిడది కూడా నా వల్లే పోయింది.

క్షమించమన్నాను. దానికేముందిలెండి అంది. టీ తాగుతారా, ఆయన వచ్చాక పెడతారు అంది. ఆయన వచ్చేదాకా ఉండలేక లేచాను. గుమ్మం దాటుతుంటే మెట్ల మీద జాగ్రత్త అని వెనక నుంచి అంది.

చెప్పవలసిన మాట నాకు కింద వీధిలోకి వచ్చాక తట్టింది. జీవితమంతా అవసరం లేని చోట టక్కున మాట వచ్చిన దాన్ని, అవసరమైన ఒక్క చోట తడుముకున్నాను. నాకు నచ్చిన మనిషికి పెద్ద చేతులూ పొడుగూ లేవు. చెత్తబుట్ట ఏం చెబుతోందని నన్ను అడిగిన మనిషి, మిగతా రెండు ట్రేలూ వాటంతటవే ఒప్పుకుంటాయని రాసిన మనిషి, ఆ కుర్చీలో కూర్చున్న మనిషే. అంతసేపు ఎదురుగా కూర్చుని కూడా ఆవిడతో ఆ మాట అనలేకపోయాను.

సోమవారం పొద్దున ఆ మాటే చీటీ మీద రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన చదవలేదు, ఎప్పుడూ చదివేవాడు కాదు. ఇబ్బందిగా దాన్ని నా వైపు జరిపాడు. ఆవిడ ఇకమీదట చీటీలు తేవద్దందని, ఆ పుస్తకం కూడా బీరువాలో పెట్టేయమందని, ఎందుకో తనకీ చెప్పలేదని అన్నాడు. ఏమైనా అనుకోవద్దు అక్కా అన్నాడు. ఏమీ అనుకోలేదన్నాను.

ఆ చీటీ నా దగ్గరే ఉంది. అందులో పొడుపు లేదు. “పద్నాలుగు నెలలూ మీకే రాశాను, మీరని తెలియక” అని ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని చదవవలసిన మనిషి మూడంతస్తుల పైన కూర్చుని ఉంది. ఆవిడకి దిగే కాళ్ళు లేవు, నాకు ఎక్కే మొహం లేదు.